దీర్ఘసూత్రతయు వ్యవసాయమును

(మరిపెడయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు "ఆలస్యమును జయించు విధము" అను విషయమును గూర్చి కొంత ప్రసంగింపవలసినదిగా కార్యదర్శిగారు మాకు ఉత్తరము వ్రాసిరి. విషయమును ఏరుటలో వారు చూపిన చమత్కారమును మేము గ్రహింపకపోలేదు. ముప్పదియేండ్లకు పైబడి బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము గనుక, మాటయొక్క అర్థమునుండి బయలుదేరుట తప్ప మాకు వేరొక మార్గము తెలియదు. తమరు కొంచెము ఓపికపట్టవలెను.

ఆలస్యమను మాటను మనము తెలుగున జాగు అను అర్థమున వాడుచున్నాము. సంస్కృతమున దానికి సోమరితనమని యర్థము. అలసుని భావము ఆలస్యము. ఈ పందిటిలో కూర్చున్నవారిలో అలసులెవరు? కోడి కూయకమునుపే మిరపచేనికి పోవువారు కలరు. అంగడి తలుపు తెరచి రాత్రి తొమ్మిది గంటలవరకు త్రాసు దింపనివారు కలరు. బిడ్డల చదువులకై ఒక పూట తిని ఒక పూట మానిన తల్లులు కలరు. కావున ఆ మాట మనకు పొసగదు. పొసగునది మరియొకటి కలదు. అది దీర్ఘసూత్రత. సూత్రమనగా నూలు. పొడవైన నూలు గలవాడు దీర్ఘసూత్రుడు. వాడు వడకుచునే యుండును గాని వస్త్రము మాత్రము కాదని మేము పిల్లలకు చెప్పుచుండెడివారము. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున తామసకర్తల లక్షణములను చెప్పుచోట అలసుని వేరుగను, దీర్ఘసూత్రిని వేరుగను పేర్కొన్నది. రెండును ఒక్కటియే యైనచో రెండుమాట లక్కరలేదు గదా! సోమరి పనికి దూరముగా పండుకొనును. దీర్ఘసూత్రి పనిచుట్టును తిరుగుచుండును, పనిని గూర్చి మాటాడుచుండును, చెమటయు పట్టును; పని మాత్రము ఉన్నచోటనే యుండును.

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మూడు చేపల కథ తమరందరును విన్నదే. లోతులేని మడుగులో మూడు చేపలు చెలిమిగా నుండెను. జాలరులు నీటిని బయటికి తీయ మొదలిడగనే మొదటిది ముప్పు నూహించి కాలువ వెంట పోయినది. రెండవది చిక్కియు అప్పటికప్పుడు ఉపాయము పన్ని బ్రతికినది. మూడవది తొందర యేమి యని యుండి నశించినది. పంచతంత్రము ఈ మూడవ చేపకు యద్భవిష్యుడని పేరు పెట్టగా భారతము దీర్ఘసూత్రుడనియే పేరు పెట్టినది. మాకు భారతము పెట్టిన పేరే యెక్కువ నచ్చును. యద్భవిష్యుడు కానున్నది కాకమానదను మెట్టవేదాంతి. దీర్ఘసూత్రుడో, పోవలెననియే యెంచును; పోవుటకు తగిన సమయ మింకను రాలేదని మాత్రము అనుకొనును.

ఈ కథను చేపలకు వదలివేయుటకు వీలులేదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన కుండపోత వానకు ఆకేరు పొంగినప్పుడు మన మండలమునందలి సీతారామ తండాలోనికి నీరు చొచ్చినది. పురుషోత్తమాయగూడెమువద్ద రహదారి వంతెన దెబ్బతిని, ఖమ్మము వరంగల్లుల నడిమి త్రోవ తెగినది. అట్టి వేళ గొడ్డును విడిపించవలెనా, బియ్యపు మూటను ఎత్తవలెనా, పిల్లవానిని భుజమున వేసికొని మిద్దె నెక్కవలెనా యని నిశ్చయించుటకు నిమేషమాత్రము వ్యవధి యుండును. ఉపసంఘము నేర్పరచుటకు వ్యవధి యుండదు. నీరు గుమ్మము దాటినప్పుడు మనుష్యుడు ఏ గురువు నడుగకయే నిశ్చయింపగలడు. శక్తి లేక కాదు, నీరు కంటికి కనబడకపోవుటచేతనే తక్కిన దినములలో జాగు చేయుచున్నాడని మా యభిప్రాయము.

ఇచట ఒక యాక్షేపణ వచ్చును. "అయ్యవారూ! నిదానమే ప్రధానమని పెద్దలనలేదా? తొందరపడి చెడినవారు లేరా?" అని. ఉన్నారు. ఆ శాంతిపర్వముననే జాగు చేసి కీర్తినొందిన ఒక బాలుని కథయు కలదు. మూడు చేపల కథ తెలిసినవారిలో నూటికి పదిమందికైనను ఇది తెలియదు గనుక కొంచెము విస్తరించి చెప్పెదము.

గౌతమునకు చిరకారి యను కుమారుడు కలడు. ఏ పని చేయుటకైనను చాలసేపు ఆలోచించువాడు గనుక వానికా పేరు వచ్చెను. తొందరగాండ్రు వానిని మందబుద్ధి యనిరి. ఒకనాడు తండ్రి భార్యపై అనుమానముచే మిక్కిలి కోపించి, "నీ తల్లిని వధింపుము" అని కుమారున కాజ్ఞాపించి అడవికి పోయెను. బాలుడు ఆయుధమును చేతబట్టి ఆలోచింప మొదలిడెను. తండ్రి మాట జవదాటుట యధర్మము. తల్లిని చంపుట యంతకుమించిన యధర్మము. తండ్రి యెవడు? తల్లి యెవతె? దేహ మెవరిచ్చినది? స్త్రీని రక్షింపవలసినవాడే చంపుట యెట్లు? ఇట్లు వాడు ఆలోచించుచుండగనే ప్రొద్దు గడచెను. అక్కడ అడవిలో తండ్రికి కోపము చల్లారి, తాను చెప్పినది ఘోరమని తోచి, కుమారుడు తన పేరునకు తగినట్లు ఆలస్యము చేసియుండునుగాక యని కన్నీటితో పరుగున వచ్చెను. భార్య సజీవయై యుండుట చూచి, కుమారుని కౌగిలించుకొని మెచ్చుకొనెను.

ఈ రెండు కథలను ఒకే పితామహుడు ఒకే శ్రోతకు చెప్పెను. ఒకచోట జాగు చేసినవాడు చచ్చెను. మరియొకచోట జాగు చేసినవాడు తల్లిని బ్రతికించుకొనెను. వైరుధ్యమని తోచును గాని వైరుధ్యము లేదు. చేసినపిదప మరల సరిదిద్దుటకు వీలుకాని క్రూరకార్యమందు చిరకారివలె నుండవలెను. కోపము, శిక్ష, వ్యాజ్యము, బంధువుతో తెగతెంపులు: వీనియందెంత జాగు చేసిన నంత మేలు. మందు, అన్నము, చదువు, ఋణము తీర్చుట: వీనియందు ఒక దినము జాగైనను నష్టమే.

మనవారు ఈ రెంటిని తారుమారు చేసిరని చెప్పుటకు మేము సంకోచింపము. మా చిన్నతనమున ఏ కులమునందైనను ఒక కుటుంబమును వెలివేయుటకు కులపెద్దలకు ఒక్క పూట చాలెడిది. రచ్చకట్టకడ కూర్చుండి, చుట్ట ఆరకముందే తీర్పు చెప్పెడివారు. గట్టు తగవునకు మానుకోట న్యాయస్థానమునకు పోవుటకు ఇప్పటికిని మనవారికి ముహూర్త మక్కరలేదు. తెల్లవారి మొదటి బస్సే ముహూర్తము. ఒక వసతిగృహమును స్థాపించుటకు మాత్రము ఉత్తరాయణమో దక్షిణాయనమో చూడవలెను, మూఢము తొలగవలెను, అధికమాసము పోవలెను, మంత్రిగారికి తీరిక కలుగవలెను. జ్యోతిశ్శాస్త్రమును మేము కొంత చదివినవారమే. ఆ శాస్త్రమున ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు వర్జ్యము చూడవలెనని యెచటను లేదు.

ఇక రెండవ మాటకు వచ్చెదము. దీర్ఘసూత్రతకు విరుద్ధమైన దేది? త్వర కాదు. తొందరపాటు అంతకంటెను కాదు. వ్యవసాయము. తమరు నవ్వుచున్నారు, కాని హాస్యమునకు చెప్పుటలేదు. సంస్కృతమున వ్యవసాయమనగా సేద్యమని యర్థము లేదు. దృఢనిశ్చయము, దానితోకూడిన ప్రయత్నము అని యర్థము. గీతయందు వ్యవసాయాత్మికమైన బుద్ధి యొక్కటియేయని చెప్పునప్పుడు నాగలిమాట లేదు. ఈ పదమునకు మూలమైన ధాతువునకు ముగించుట యని యర్థము. కావున సందేహమును ముగించుటయే వ్యవసాయము. అట్టి మాటను మన తెలుగువారు కొనివచ్చి, దుక్కిదున్ని విత్తు వేయు పనికి పేరుగా పెట్టిరి. ఎవరు పెట్టిరో గాని, పెట్టినవారు కాపు మనస్సును బాగుగా నెరిగినవారే.

ఏలయన, సేద్యమంతయు నిశ్చయమే. రోహిణి యెండలు పోయి మృగశిర కార్తె ప్రవేశించి ఒక వాన పడినది. నేలకు పదును వచ్చినది. మరునాడు వాన పడునో పడదో చెప్పగలవారు లేరు. ప్రత్తి ధర రాబోవు ఏట ఎంత పలుకునో తెలియదు. అయినను కాపు విత్తును. పదును మూడునాళ్ళు మాత్రమే యుండునని వానికి తెలియును. అదను తప్పిన పిమ్మట ఎరువు రెట్టింపు వేసినను, కూలీలను రెట్టింపు పెట్టినను పోయిన కాలము రాదు. విత్తు మొలవకున్నచో తిట్టుకొనుచునైనను మరల విత్తును. అంతయు తెలిసిన పిమ్మట విత్తెదనని కూర్చున్న కాపు మన మండలమున ఒక్కడైనను కలడా? చేనిలో నింత వివేకమును చూపు మనము సభలో కూర్చున్నంతనే ఆ వివేకమును చెప్పులతోకూడ పందిటి బయట విడిచి వచ్చుచున్నాము.

సభలకు జాగెందుకు కలుగునో ఆలోచించితిమి. మాకు మూడు కారణములు తోచినవి. మొదటిది స్వల్పము. రెండవది పెద్దది. మూడవదానిని చెప్పుటకు కొంచెము ధైర్యము కావలెను.

మొదటిది "రేపు" అను మాటయందలి మోహము. ధర్మరాజు ఒక యాచకుని మరునాడు రమ్మనగా భీముడు విని, "మా యన్న ఒక దినము కాలమును జయించినాడు, రేపటివరకు బ్రతుకుట నిశ్చయమైనది!" అని నగారా మ్రోగించెనని జనులు చెప్పుకొందురు. మన పల్లెలలో ఒకప్పుడు దయ్యము భయముచే ఇంటిగోడలమీద "ఓ స్త్రీ రేపు రా" యని వ్రాసెడివారు గదా! దయ్యము వచ్చి, చదివి, రేపు వత్తమని పోవునట. మరునాడు వచ్చినను గోడమీద రేపే యుండును. దయ్యమును మోసగించుటకు పన్నిన ఆ యుక్తిని మనము వసతిగృహముమీద ప్రయోగించితిమి. మన తీర్మానముల పుస్తకమునందు "రాబోవు సంవత్సరము" అను మాటను తెరచిన ప్రతిపుటలోను చూడవచ్చును.

రెండవది, తీర్మానము చేయుటయే పని చేయుట యని భ్రమపడుట. బాలికల వసతిగృహపు తీర్మానము ఈ వేదికమీద పలుమారులు చదువబడినది. ప్రతిమారును కరతాళధ్వనులతో నెగ్గినది. ఇప్పుడు సెల్‌ఫోనులు వచ్చినవి గనుక సంఘము వాట్సాపు గుంపులో చేతులు జోడించిన బొమ్మలును పూలగుత్తులును వచ్చినవి. చప్పట్లు కొట్టినప్పుడు మనస్సునకు పని ముగిసినంత తృప్తి కలుగును. ఆకలితో నున్నవాడు వంట వాసనకే త్రేన్చినట్లున్నది.

తీర్మానము నెరవేరకున్నచో పోయిన దేమున్నది, ఎప్పటివలె నుండును గదా యని కొందరందురు. ఎప్పటివలె నుండదు. దీనిని మేము కన్నులార చూచితిమి గనుక చెప్పుచున్నాము. ఆకేటి ఆవలి గ్రామమొకదానిలో మన కులమునకు చెందిన ఒక బాలిక పదవ తరగతి మంచి మార్కులతో తేరినది. లెక్కలలో చురుకైన పిల్ల. గురుకుల కళాశాలలో స్థానము దొరకలేదు. దినదినము బస్సులో వచ్చిపోవుటకు తండ్రి యొప్పలేదు. సాయంకాలపు బస్సు వచ్చిన దినము కంటె రాని దినములే యెక్కువ. ఖమ్మములో నొక దూరపు బంధువు ఆ పిల్లను తన యింట నుంచుకొందునని చెప్పి పంపెను. తండ్రి పోనీయలేదు. ఏలనో మేమడిగితిమి. "మన సంఘమువారు మరిపెడలో ఆడపిల్లలకు హాస్టలు పెట్టుచున్నారు గదా, సారూ! సభలో చదివినారు. ఒక్క యేడాది ఆగిన మనవాండ్ల నడుమనే యుండును" అనెను. ఆయన సంఘము మాటను నమ్మెను. ఒక యేడాది ఆగెను. మరియొక యేడాదియు ఆగెను. ఆగిన ఆడపిల్ల చదువు ఎంతకాలము ఆగునో తమరికి తెలియనిది కాదు. మూడవ యేట ఆ పెండ్లి పందిటిలో మన సంఘపు పెద్దలు పలువురు అక్షతలు చల్లిరి.

తీర్మానము చేయకుండిన యెడల ఆ తండ్రి పిల్లను ఖమ్మము పంపియుండెడివాడు. కావున నెరవేర్చని తీర్మానము సున్న కాదు, సున్నకంటె తక్కువ. అది మనలను మాత్రమే గాక, మన మాటను నమ్మినవారినికూడ ఆపివేయును. వడకువాడు తన నూలు తాను వడకుకొనిన బాధ లేదు. ఆ నూలు ఇతరుల కాళ్ళకు చుట్టుకొనుచున్నది.

మూడవ కారణము లెక్కల భయము. ఏమియు చేయనివానిని ఎవరును ఏమియు అనరు. చేసినవానిని అందరు నడుగుదురు. గృహమున కద్దె యెంత, బియ్యము ఎవరి యంగడిలో కొంటివి, వంటమనిషి నీకేమి కావలెను, నీ బావమరిదికి గుత్త యేల యిచ్చితివి? అడుగుట తప్పుకాదు, సంఘధనమునకు లెక్క చెప్పవలసినదే. కాని మనవారు లెక్క నడుగుటకుముందే దొంగయని నిశ్చయింతురు. ఈ నిశ్చయమునకు మాత్రము జాగు లేదు! అందుచే బుద్ధిమంతులు "ఇంకను పరిశీలనలో నున్నది" అను చల్లని నీడలో కూర్చుండుటకు అలవాటుపడిరి. ముందుకు వచ్చి పనిచేసిన పడుచువాడొకడు ఒక వర్షాకాలమున మాట పడి, మరల ఈ పందిటి ఛాయలకు రాలేదు. దాతలైన పెద్దలకు మేము చేతులెత్తి మనవి చేయునది యేమనగా: తమరు ధనము నిచ్చుటతోపాటు, ధనము ఖర్చుపెట్టువానికి ఒక సంవత్సరకాలము విశ్వాసమును గూడ నీయవలెను. నెలనెలకు లెక్క గోడమీద అంటించునట్లు నియమము చేయుడు. అటుపిమ్మట నోరు కట్టుకొనుడు. లెక్కలో చిన్న పొరపాటు వచ్చినను పదిమంది పిల్లలు చదువుదురు. లెక్క మచ్చలేకుండ నుండవలెనని పెట్టెకు తాళము వేసికొని కూర్చున్న లోపల సొమ్మును వెలుపల వయస్సును రెండును కరగుచున్నవి.

"మాటలు బాగున్నవి, మనవంటివారు చేసి చూపిరా?" యని తాము అడుగవచ్చును. చేసి చూపిరి. పురాణములను విడిచి, మన తెలంగాణపు చరిత్రనుండియే చెప్పెదము.

1921 నవంబరులో హైదరాబాదునందు వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షులు పూనాకు చెందిన మహర్షి కార్వే. సభ ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో నడచుచుండెను. ఆలంపల్లి వెంకటరామారావను న్యాయవాది లేచి తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసి అల్లరి పెట్టిరి. అక్కడ కూర్చున్న తెలుగువారి మనస్సులు గాయపడెను. అట్టి గాయముతో మనమైనచో ఏమి చేయుదుము? ఇంటికి పోయి ఖండన తీర్మానమును వ్రాయుదుము. వారు ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కూడిరి. పదిమందికి కొంచె మెక్కువ. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ప్రభృతులు ఆ యుద్యమమునకు వెన్నెముకయై నిలచిరి. 1923లో మన హనుమకొండలో ఆంధ్రజన కేంద్రసంఘ సమావేశము జరిగెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ కూడెను. ఇంత వృక్షమునకు విత్తు ఒక్క రాత్రి పడినది. అవమానముయొక్క పదును ఆరకమునుపే విత్తిరి. తెల్లవారిన పిదప ఎవరి కచ్చేరికి వారు పోయియుండిన, ఆ కోపము పదిదినములు చెప్పుకొను ముచ్చటయై ముగిసెడిది.

దానికంటె ముందటి మాట యొకటి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము హైదరాబాదున స్థాపితమైనప్పుడు దానికి భవనము లేదు. రావిచెట్టు రంగారావుగారి నివాసమే గ్రంథాలయము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును మునగాల రాజావారును తోడుపడిరి. సుల్తాన్‌బజారులో సొంత కట్టడము పిమ్మట వచ్చినది. వారు మొదట శంకుస్థాపన శిలాఫలకమును చెక్కించలేదు; పుస్తకములను అలమారలో పెట్టిరి.

హైదరాబాదు పట్టణము, పెద్దల మాట వేరు అందురేమో. మన మానుకోట ప్రాంతమునందలి ఇనుగుర్తి పట్టణమా? రైలుబాట ప్రక్కన లేని పల్లె. ఆ పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు 1922లో "తెనుగు" అను వారపత్రికను నడపిరి. ముద్రాక్షరశాల అచటనే. ఆ యేడే నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు "నీలగిరి" పత్రికను వెలువరించిరి. పల్లెలో విద్యుత్తు లేదు, చందాదారులు అరుదు, తెలుగు చదువునకు రాజాదరణము లేదు. జాగు చేయదలచినవానికి ఇంతకంటె మంచి కారణములు దొరకునా? ఆ సోదరులు పత్రిక నడపుటకు అనుకూలమైన కాలమునకై నిరీక్షించియున్నచో ఇనుగుర్తి పేరు ఈ దినము ఈ సభలో పలుకవలసిన యవసరము కలుగదు. ఆ పత్రిక చిరకాలము బ్రతుకలేదు. బ్రతుకకపోయినను ఫలించినది, కొన్ని పైరులు అట్టివి.

ఆడపిల్లల చదువు మాట వచ్చినది గనుక ఇదియు చెప్పవలెను. మాడపాటివారు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమముగా బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనభాష. తెలుగుబడికి గుర్తింపు రాదు. గుర్తింపు లేని బడికి పిల్లల నెవరు పంపుదురు? ఇది నిజమైన చిక్కే, నెపము కాదు. వారు తలుపు మూసియున్నచోట తట్టుచు కూర్చుండక, కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో తమ పాఠశాలకు సంబంధము కల్పించుకొనిరి. ఏ మహాసభయందు తెలుగుమాట గేలిపడెనో ఆ సభకు అధ్యక్షత వహించినవారి విశ్వవిద్యాలయమే తెలుగు బాలికలకు ఆధారమైనది! ఇందులో నొక నీతి కలదో, విధి విలాసము కలదో తమరే యెంచుకొనుడు. మాకు మాత్రము మాడపాటివారి కార్యకుశలత కనబడుచున్నది. అవమానము జరిగిన రాత్రి నిశ్చయించిన మనుష్యుడు, అవమానమును మోయుచు తిరుగలేదు.

కులసంఘముల వసతిగృహములకు మన రాష్ట్రమున మంచి పూర్వచరిత్ర కలదు. 1920లో నగర కొత్వాలు పదవి పొందిన రాజబహదూరు వెంకటరామారెడ్డిగారు అంతకుముందే, 1918లో, హైదరాబాదున రెడ్డి వసతిగృహస్థాపనకు పూనిరి. పల్లెలనుండి వచ్చిన బాలురు అచట తిని, చదివి, వకీళ్ళును ఉద్యోగులును రాజకీయనాయకులును అయిరి. ఆ పిమ్మట ఇతర కులములవారును తమతమ వసతిగృహములను ఏర్పరచుకొనిరి. ఒక కులము ముందడుగు వేయుట చూచి మరియొక కులము పౌరుషము తెచ్చుకొనుట మంచి యీర్ష్య. ఇప్పుడు ప్రభుత్వ గురుకులములు కలవు, సంక్షేమ వసతిగృహములు కలవు. అందు స్థానము దొరకిన పిల్లలమాట మనది కాదు. దొరకని పిల్లమాట మనది. ఆ పిల్ల మన కులమునకే చెందియుండవలెనని కూడ మేమనము. ప్రక్కయింటి పిల్ల వెంట వచ్చినచో రెండు చాపలు ఎక్కువ పరచుట యెంతటి పని?

ఇంక మా మనవి. విందునకు లేవకమునుపే ఈ విషయమును ముగింపవలెను. మూడంతస్తుల భవనపు చిత్రపటమొకటి ఆహ్వానసంఘమువారి గోడమీద కొంతకాలముగా వ్రేలాడుచున్నది. చాల అందముగా నున్నది. దానిని కొంచె మావలికి జరుపుడు. బంగళా కూడలికి దగ్గరలో, ఆడపిల్లలు సాయంకాలము నిర్భయముగా నడచిపోదగిన త్రోవలో, మూడు గదులు, ఒక వసారా, నీళ్ళబావియో కొళాయియో గల అద్దె యిల్లు చాలును. పదిమంది బాలికలు. ఒక వంటమనిషి. రాత్రి తోడుండుటకు వయస్సు వచ్చిన ఒక తల్లి. జూనులో బడులు తెరచుటకు ఏడు వారములు వ్యవధి యున్నది. ఇల్లు వెదకుటకు రెండు వారములు, సున్నము వేయించుటకు ఒకటి, గ్రామగ్రామమునకు తిరిగి తల్లిదండ్రులతో మాటాడుటకు తక్కినవి. తల్లిదండ్రులతో మాటాడు పని మేము పుచ్చుకొందుము. మా కాళ్ళింకను నడచును. ఆకేటి ఆవలి గ్రామములలో పలువురు తండ్రులు మా విద్యార్థులే.

భవనము వలదని మేమనుటలేదు. పదిమంది పిల్లలు తిని చదువుచుండగా చూచిన దాత భవనమునకు ఇచ్చును; చిత్రపటమును చూచి ఇచ్చినవాడు ఇంతవరకు కనబడలేదు. ఒక యేడాది నడపిన పిమ్మట ఇది మన శక్తికి మించినదని తేలినచో మూసివేయుదము. అట్లు మూసివేయుటకూడ ఒక నిశ్చయమే; ఆ పిల్లల తండ్రులకు ఆరునెలల ముందుగా చెప్పవలెను, వారు వేరొక దారి చూచుకొందురు. ఎట్టి స్థితిలోను వారిని నూలుతో కట్టి నిలుపరాదు.

పెద్దలెవరైనను ఈ యేర్పాటు వలదని తలచినచో వారును నిర్భయముగా లేచి వలదని చెప్పవలెను. వలదన్న మాటను మేము గౌరవింతుము. "చూతము" అను మాటను మాత్రము ఈ పూట ఎవరును పలుకవలదని ప్రార్థన. వలదని తేలినచో ఆ తీర్మానమును పుస్తకమునుండి కొట్టివేసి, ఆ సంగతి రేపే గ్రామగ్రామమున చాటింపు వేయింపవలెను.

కార్యదర్శిగారి చేత ఒక కాగితము సిద్ధపరపించితిమి. అందు నాలుగు పంక్తులున్నవి. ఇల్లు వెదకువారి పేరు. లెక్క వ్రాయువారి పేరు. మొదటి మూడునెలల బియ్యము, పప్పు ఎవరివి. వంటమనిషికి జీతము ఎవరివలన. నాలుగింటి కెదురుగాను తేదీ వ్రాయుటకు చోటు విడువబడినది. "ఉపసంఘము" అను మాటకు చోటు విడువలేదు. కాగితము మొదటి వరుసనుండి బయలుదేరును. కలము మాది, మరల మాకు తిరిగి యీయవలెను.